14416: మా అప్ప కోసం చేసిన ఫోన్

మా అప్ప కొడుకు మంచం కింద పడుకునేవాడు. అప్ప అంటే మా వైపు అక్క. వాడికి 9 ఏళ్లు. సాయంత్రం బయట బండి చప్పుడు వినిపిస్తే చాలు, దుప్పటి లాక్కుని మంచం కిందికి దూరిపోయేవాడు. తెల్లారాక బయటికి తీస్తే పక్క తడిసి ఉండేది. ఒకరోజూ రెండు రోజులూ కాదు, 2025 సంక్రాంతి వెళ్లాక మొదలై ఆగస్టు దాకా సాగింది.

వాడు మళ్లీ మంచం మీదికి ఎలా వచ్చాడో చెబుదామని ఇది రాస్తున్నాను. అందులో, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన 14416 అనే ఉచిత ఫోన్ నంబరు ఎంత పనిచేసిందో, దానివల్ల కానిదేమిటో కూడా రాస్తాను. మిక్సీ కొనాలన్నా, మొబైల్ కొనాలన్నా ముందు నలుగురు రాసింది చదువుతాం. ఈ నంబరు గురించి మా జిల్లా మనిషి తెలుగులో రాసింది నాకు ఒక్కటీ దొరకలేదు. అప్పని అడిగి, తను సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు రాయను, ఊరు రాయను. శ్రీకాకుళం జిల్లా మందస పక్కన అనుకోండి, చాలు.

నేను టైలరింగ్ చేస్తాను. అప్ప పలాసలో జీడిపప్పు పనికి వెళ్తుంది, పప్పు మీద పొట్టు తీసే పని. బావకి రెండెకరాల కొబ్బరి, జీడి తోట ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి సంగతి ఉద్దానం వాళ్లకి, అంటే మా ఈ కొబ్బరి, జీడి తోటల ప్రాంతం వాళ్లకి, నేను చెప్పక్కర్లేదు. పొద్దున చూస్తే చెట్లు మొదలంటా పడి ఉన్నాయి, నిలబడిన వాటికి మొవ్వు లేదు. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. బావ కొన్నాళ్లు చెన్నై వెళ్లి సెంట్రింగ్ పని చేసి తిరిగొచ్చాడు. అప్పులవాళ్లు గుమ్మంలోకి రావడం, ఈయన తాగి రావడం ఇంచుమించు ఒకేసారి మొదలయ్యాయి.

తుపాను వల్లే మనిషి అలా అయిపోయాడని మా వీధిలో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మా నాన్న తోట కూడా ఆ రాత్రే పోయింది. ఆయన మా అమ్మ మీద చెయ్యెత్తలేదు. అయితే పరిహారం కోసం వచ్చినవాళ్లు చెట్లు ఎన్ని పడ్డాయో రాసుకున్నారు గానీ, ఇంట్లో ఎవరికైనా నిద్ర పడుతోందా అని అడగలేదు. అది కూడా నిజమే.

గుంటడు జడిశాడని, అంటే పిల్లాడు దేనికో బెదిరిపోయాడని అమ్మ అంది. మాకు తెలిసిన రోగం అదే. మూడు దార్ల మట్టి, కల్లుప్పు, ఎండు మిరపకాయలు కలిపి దిష్టి తీసింది. కోడిగుడ్డు తల చుట్టూ తిప్పి వీధి చివర పగలగొట్టింది. పక్క ఊళ్లో మంత్రం వేసే తాత దగ్గరికి తీసుకెళ్లి తాడు కట్టించాం, 516 రూపాయలు. ఆయన పిల్లాడి తల మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు. ఆ ఒక్క రాత్రి వాడు నిజంగానే హాయిగా పడుకున్నాడు. అందుకే ఆ తాతని నేను ఒక్క మాట అనను. తర్వాత ఆర్ఎంపీ బలానికని ఇంజక్షన్లు పొడిచాడు. ఆ తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, మేం కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే తలకి స్కానింగ్ రాసేశారు. రానుపోను ఖర్చులతో 6,800 అయింది. స్కానింగులో ఏమీ లేదన్నారు. ఇంట్లో ఏం జరుగుతోందని అక్కడ ఒక్కరూ అడగలేదు. అప్ప మోచేతి దగ్గర కమిలిన మచ్చ ఉంది. కొంగు కప్పుకుంది గానీ, చూడాలనుకున్నవాళ్లకి కనిపించేదే. డబ్బు పోయినందుకు కన్నా, చూడనందుకే నాకు ఇప్పటికీ కోపం.

ఇక్కడ మా తమ్ముడి గురించి చెప్పాలి. వాడు సరుకు ఓడలో పనిచేస్తాడు. జులైలో వాళ్ల ఓడ మెక్సికోలో మంజానియో రేవులో ఆగింది. వాట్సాప్‌లో మాట్లాడుతూ గుంటడి సంగతి, అమ్మ గుడ్డు తిప్పిన సంగతి చెప్పాను. వాడు కాసేపు పలకలేదు. తర్వాత, "చిన్నప్పా, ఇక్కడ కూడా గుడ్డే తిప్పుతారట" అన్నాడు.

రేవులో కాపలా ఉండే పెద్దాయన ఒకాయన వాడికి పరిచయమయ్యాడు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరూ మాట్లాడుకునేవారు. ఆయనది మిచోవకాన్ రాష్ట్రంలో నిమ్మతోటలున్న పల్లె. మత్తుమందుల ముఠాల మీదికి 2006 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు ఫెలిపే కాల్దెరోన్ మొట్టమొదట సైన్యాన్ని పంపింది ఆ రాష్ట్రానికే. ముఠాలు పోలేదు. చీలిపోయి, నిమ్మ రైతుల దగ్గర, అవకాడో రైతుల దగ్గర మామూళ్లు గుంజడం కూడా మొదలుపెట్టాయి. ఈ పెద్దాయన తమ్ముడు ఒకరోజు తోటకి వెళ్లి ఇంటికి రాలేదు. వాళ్లమ్మ తిండి మానేసింది, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోగానికి వాళ్ల పేరు ‘సుస్తో’. తమ్ముడు ఆ మాట అన్నప్పుడు నాకు మన సుస్తీ అన్నట్టే వినిపించింది. జడుపుకి ప్రాణం ఒంట్లోంచి జారిపోయి, జడిసిన చోటే ఉండిపోయిందని వాళ్ల నమ్మకం. నాటువైద్యం చేసే ఆవిడ కోడిగుడ్డుతో ఒళ్లంతా నిమిరి, ఆకుల కట్టతో తట్టి, పేరు పెట్టి ప్రాణాన్ని వెనక్కి పిలుస్తుంది. మా అమ్మకి ఇది చెబితే, "మరి చూశావా, వాళ్లకీ తెలుసు" అంది.

ఆ రాత్రి నుంచి దొరికింది దొరికినట్టు చదివాను. ఆ దేశంలో కనిపించకుండా పోయినవాళ్లు ప్రభుత్వ లెక్క ప్రకారమే 2022 మేలో లక్ష దాటారు. వాళ్ల కోసం వెతికేది ఎక్కువగా తల్లులు. పొడవాటి ఇనప కడ్డీని నేలలోకి దించి, పైకి తీసి, దాని మొన వాసన చూస్తారు, కింద శవం ఉందేమో తెలుసుకోవడానికి. ఇది చదివిన రోజు మిషన్ ముందు కూర్చోలేకపోయాను. ఒంటరిగా వెళ్లరు వాళ్లు, గుంపుగా వెళ్తారు. ఒకరి బిడ్డ కోసం ఇంకొకరు తవ్వుతారు. పల్లెల్లో మానసిక డాక్టర్లు దొరకడం కష్టం, ఉన్నవాళ్లంతా దాదాపు పెద్ద నగరాల్లోనే. పల్లె ఆసుపత్రిలో కనిపించేది చాలాచోట్ల చదువు చివర్లో ఏడాది సేవ చేయడానికి వచ్చిన కుర్ర డాక్టరే. అదే మిచోవకాన్‌లో చెరాన్ అనే ఊరుంది. అక్కడ ముఠా అండతో అడవిని నరికి పట్టుకుపోతుంటే, 2011 ఏప్రిల్ 15న ఆడవాళ్లు ముందుండి లారీలని ఆపారు. తర్వాత నెలల తరబడి వీధి మూల మూలకీ మంటలు వేసుకుని రాత్రిళ్లు కాపలా కాశారు. అక్కడే వండుకున్నారు, అక్కడే మాట్లాడుకున్నారు. ఇంట్లో నోటికి రానిది ఆ మంట దగ్గర వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

మనకి అలాంటి ముఠాలు లేవు, రెండూ ఒకటేనని నేను అనడం లేదు. వాళ్ల తోటలోకి తుపాకులతో వచ్చిన భయం వేరు. మా అప్ప భయం రోజూ రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడిచేది. కానీ పెద్దాయన చివర్లో చెప్పిన మాట నన్ను పట్టుకుంది. గుడ్డు తిప్పాక వాళ్లమ్మ లేచి కూర్చుందట. ఏడవడం మాత్రం, మనవరాలు ఒక ఉచిత ఫోన్ లైనుకి కలిపి ఇచ్చాకే మొదలైందట. ఆ రోజు రాత్రి తిండి తింది. ‘లీనియా దె లా విదా’ అని వాళ్లకొకటి ఉంది, రాత్రీ పగలూ పలుకుతుంది. "మనకీ అలాంటిది ఉందేమో చూడు చిన్నప్పా" అన్నాడు తమ్ముడు.

ఉంది. పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్ద దిక్కు. 20 భాషల్లో మాట్లాడతారు, తెలుగు అందులో ఉంది. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బులేమీ లేవు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే డాక్టరు దగ్గరికి దారి చూపిస్తారు.

ఆగస్టు మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, బావ ఇంట్లో లేనప్పుడు చేశాం. మా పెరట్లో జీడిచెట్టు కింద తప్ప సిగ్నల్ ఉండదు. అప్పని నులకమంచం మీద కూర్చోబెట్టి, నంబరు కలిపి స్పీకరు పెట్టాను. ఆడమనిషి గొంతు. నమస్కారం చెప్పి, మొదట అడిగింది రోగం గురించి కాదు.

"ఇప్పుడు మాట్లాడటానికి మీకు ఇబ్బంది లేదు కదండీ? పక్కన ఎవరైనా ఉన్నారా?"

"మా చెల్లి ఉందమ్మా."

"ఆవిడ ఉండటం మీకు ఇష్టమేనా?"

అప్ప నా వైపు చూసింది. ఒకే కంచంలో తిని పెరిగిన వాళ్లం. ఆ ప్రశ్న మా మధ్య ఎప్పుడూ రాలేదు. కాసేపాగి, "నువ్వు లోపలికెళ్లవే" అంది. స్పీకరు తీసేసి ఫోన్ చెవికి పెట్టుకుంది.

నేను వెళ్లి గుమ్మంలో కూర్చున్నాను. అక్కడికి మాటలు వినిపించవు, అప్ప వీపు కనిపిస్తుంది. చాలాసేపు తను ఏమీ మాట్లాడలేదు. కాలి బొటనవేలితో ఎండిన జీడాకు ఒకటి నలుపుతూ ఉంది. అది పొడైపోయింది. ఇంకొకటి దగ్గరికి లాక్కుంది. లైను కట్టయిందేమో అనుకున్నాను. కాలేదట, అవతలి మనిషి తొందరపెట్టకుండా ఊరుకుని ఉందట, అంతే. మూడో ఆకు దగ్గర అప్ప మాట్లాడటం మొదలుపెట్టింది. 38 నిమిషాలు. తర్వాత ఫోన్‌లో చూసుకున్నాం.

లోపలికి వచ్చాక నాతో అన్నది ఇంతే: "ఆయమ్మ నన్ను తప్పు పట్టలేదే."

ఏం మాట్లాడుకున్నారో నేను గుచ్చి అడగలేదు. తనే తర్వాత కొంచెం కొంచెం చెప్పింది. నిద్ర గురించి, ఆకలి గురించి అడిగారట. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని దాపరికం లేకుండా అడిగారట. వచ్చిందని అప్ప చెప్పింది. ఎప్పుడు, ఎలా, ఇప్పుడు ఉందా అని అన్నీ మెల్లగా అడిగి, పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేయించమన్నారు. ఆ సాయంత్రమే డబ్బా మా నాన్న పట్టుకెళ్లాడు. నేను రోజూ చూసే మనిషి. నాకు తెలియదు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని మనం జంకుతాం. అప్ప మాత్రం, ఆ ప్రశ్న అడిగాకే గుండె మీద బరువు దిగిందని అంది.

రెండో ఫోన్ గుంటడి గురించి. పొద్దున్నే ఏం తాగుతాడని అడిగారు. చోడంబలి, అంటే రాగి అంబలి అని చెప్పింది అప్ప. వేడిగా ఉంటే ఏం చేస్తాడన్నారు. ఊదుకుంటాడు కదా! "అలాగే ఊదమనండి. ముందు వాసన చూసినట్టు ముక్కుతో మెల్లగా పీల్చాలి. తర్వాత అంబలి ఒలికిపోకుండా నెమ్మదిగా ఊదాలి." రోజుకి మూడుసార్లు, అది కూడా భయం లేనప్పుడే అలవాటు చేయాలి. భయం పట్టుకున్నాక కొత్తగా నేర్పితే రాదట. మంచం కింద నుంచి లాగొద్దన్నారు. పక్కనే కింద కూర్చోమన్నారు. పక్క తడిపాడని తిట్టొద్దు, నలుగురిలో ఆ మాట ఎత్తొద్దు. వాడు రోగిష్టి కాదు, ఇంట్లో జరిగేది చూసి వాడి ఒళ్లు కాపలా కాస్తోంది అని చెప్పారట. ఈ మాట అప్ప నాకు నాలుగైదుసార్లు చెప్పింది.

రెండు వారాలు మా ఇంట్లో ఖాళీ గ్లాసు పట్టుకుని ఊదుతూ కూర్చున్నాడు వాడు. మా అమ్మ కూడా పక్కన చేరి ఊదేది. ఆదివారం దిష్టి తీయడం ఆవిడ మానలేదు. మానమని ఫోన్‌లో ఎవరూ అనలేదు కూడా. నాకు ఇది చాలా నచ్చింది.

అప్పకి డాక్టరు చూడాలని వాళ్లే చెప్పారు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లాం. పలాస నుంచి బస్సులో రెండు గంటలు దాటుతుంది. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితమైంది, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అది లేకపోతే అప్ప రెండోసారి వచ్చేది కాదు, ఎందుకంటే వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది. మాత్రలు ఆసుపత్రిలోనే ఇచ్చారు. మొదటి పది రోజులు నోరు ఎండిపోతోందని, కళ్లు తిరుగుతున్నాయని, మానేస్తానని పేచీ పెట్టింది. 14416కి చేస్తే, ఈ మాత్రల గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మీ అంతట మీరు ఆపకండి, ఇబ్బంది ఉంటే డాక్టరుకి చెప్పి మార్పించుకోండి అన్నారు. మానలేదు. అక్టోబరులో ఒకరోజు పొద్దున్న అయిదు దాటినా లేవలేదని భయపడి తలుపు కొట్టాను. నిద్రపోతోంది.

ఇక ఫోన్ వల్ల కానిది. సెప్టెంబరులో ఒక రాత్రి బావ బెల్టు తీశాడు. అప్పుడు చేయాల్సింది 14416కి కాదు, 112కి. నేనే చేశాను. మర్నాడు 181 మహిళా హెల్ప్‌లైనుతో మాట్లాడి, సఖి వన్ స్టాప్ సెంటరుకి వెళ్లాం. అక్కడ అయిదు రోజుల దాకా ఉండనిస్తారు, వైద్యం, పోలీసు, లాయరు సాయం ఒకేచోట చూస్తారు. అప్ప ఉండలేదు, గుంటడి బడి పోతుందని వచ్చేసింది. కానీ ఒక సంగతి అక్కడే తెలిసింది. 2005 గృహహింస చట్టం ప్రకారం, ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, భార్యకి ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంటుంది, ఇష్టమొచ్చినట్టు గెంటేయడానికి వీల్లేదు. ఇన్నేళ్లూ అప్ప నోరు నొక్కింది ఆ గెంటేస్తాడన్న భయమే. ఇంటికొచ్చి మొదటిసారి బావ కళ్లలోకి చూసి, "ఇది నా ఇల్లు కూడా" అంది. నేను పక్కనే ఉన్నాను.

బావ సంగతి కూడా రాయాలి. నవంబరులో ఒక అర్ధరాత్రి, 1:12కి అప్ప ఫోన్ నుంచి 14416కి కాల్ వెళ్లింది. రెండు నిమిషాలు. చేసింది అప్ప కాదు. మూడు రోజుల తర్వాత మళ్లీ, 21 నిమిషాలు. ఎవరం ఏమీ అడగలేదు. డిసెంబరులో ఒక్కడే శ్రీకాకుళం వెళ్లి, తాగుడు మానడానికి మందులు తెచ్చుకున్నాడు. సంక్రాంతికి మూడు రోజులు మళ్లీ తాగాడు. చెయ్యి మాత్రం లేవలేదు. అప్ప ఇంకా నమ్మడం లేదు. నమ్మమని నేను చెప్పను. తాగుడు రోగమని డాక్టర్లు అంటే ఒప్పుకుంటాను, వైద్యం చేయించుకోవాలి. భార్యని కొట్టడాన్ని ఆ రోగం ఖాతాలో వేస్తే మాత్రం ఒప్పుకోను.

చేయాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. 14416 తగలకపోతే 1800 891 4416 కి చేయండి. సిగ్నల్ ఉన్న చోటు, ఇంట్లో ఎవరూ లేని వేళ ముందే చూసుకోండి. కొట్టే మనిషి మీ ఫోన్ తీసి చూస్తాడనుకుంటే కాల్ లిస్టులోంచి నంబరు తీసేయండి, లేదా చెల్లి ఫోన్ నుంచో పక్కింటి వదిన ఫోన్ నుంచో చేయండి. పుస్తకాల తెలుగు అక్కర్లేదు, మా అప్ప మా యాసలోనే మాట్లాడింది. ఒక్క ఫోన్‌తో తేలిపోవాలనుకోకండి, మేం ఏడుసార్లు చేశాం. పిల్లల్ని ఎవరైనా కొడుతుంటే 1098 వేరే ఉంది. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆలోచించకుండా 112.

నేనైతే అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఫోన్‌లో వినేవాళ్లలో లోటు ఉందని కాదు. ఆ మాట విన్నాక డాక్టరు కోసం అంత దూరం పోవాలి, ఒక రోజు కూలి వదులుకోవాలి. ఆ ఒక్క మార్కు డాక్టరు మా మండలానికి దగ్గరయ్యాక వేస్తాను.

గుంటడు ఇప్పుడు మంచం మీదే పడుకుంటున్నాడు, గోడవైపు. బండి చప్పుడైతే ఇంకా లేస్తాడు. లేచి ఊదుకుని పడుకుంటాడు.

పోయిన నెల డ్వాక్రా మీటింగులో ఈ నంబరు పైకి చదివాను, రాసుకోమన్నాను. ఒక్కరూ రాసుకోలేదు, పక్కవాళ్లు చూస్తారు కదా. మర్నాడు షాపుకి ఇద్దరు వేరువేరుగా వచ్చారు. ఒకావిడ జాకెట్టు గుడ్డ తెచ్చింది, కొలతలు ఇస్తూ మెల్లగా, "నిన్న ఏదో నంబరు అన్నావు, ఏటది?" అంది. రెండో ఆవిడ గుడ్డ కూడా తేలేదు. ఇద్దరికీ కొలతల చీటీ వెనక రాసిచ్చాను.